తొడుక్కోని జాకెట్టు

ఉయ్యూరు,
29 జులై 1974.

గౌరవనీయులైన ఇశ్రాయేలు గారికి,

గత ఆదివారం మీరు, రావమ్మగారు, చిరంజీవి ఆమోసు మా ఇంటికి వచ్చి మా హన్నాను చూసి వెళ్ళారు. తిరుగు బస్సులో బెజవాడ దాకా నిలబడే వెళ్ళవలసి వచ్చిందని తెలిసి మేము నొచ్చుకున్నాము. మీ సమ్మతి పాస్టరు గారి ద్వారా అందింది. సంతోషం.

మా సమ్మతి తెలిపే ముందు, ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా, ఒక తండ్రిగా నేను కొన్ని విషయాలు తేల్చుకోవలసి ఉన్నది. మా పాఠశాల ముందు గోడ మీద పది విలువలు పెద్ద అక్షరాలతో రాయించాలని సంకల్పించాను. సత్యం, క్రమశిక్షణ, సమయపాలన, విధి నిర్వహణ, పరిశుభ్రత, వినయం, సహనం, పొదుపు, సేవ, దైవభక్తి. ఆ జాబితా ప్రతి ఒకటి ఇందుతో జతపరిచాను. మీ అబ్బాయి విషయంలోనూ, మీ కుటుంబం విషయంలోనూ ఒక్కొక్కదాని ఎదుట ‘ఉన్నది’ లేక ‘లేదు’ అని గుర్తు పెట్టి తిరుగు టపాలో పంపవలసినదిగా కోరుతాను. దీనిని తప్పుగా భావించవద్దు. నా కుమార్తె జీవితం.

మరొక సంగతి. అబ్బాయి రైల్వేలో ఫిట్టరు గనుక, మే నెల సమ్మెలో పాల్గొన్నాడా లేదా అన్నది దాపరికం లేకుండా తెలియజేయవలెను.

మీకు హెబ్రీ భాష వచ్చునని పాస్టరు గారు చెప్పగా ఆశ్చర్యపోయాను. ‘విలువలు’ అన్నదానికి హెబ్రీ మాట ఏమిటో ఆ లిపిలోనే రాసి పంపితే గోడ మీద తెలుగు కింద రాయిస్తాను. వచ్చే ఏడాది ఇన్‌స్పెక్షను ఉన్నది.

ఇట్లు,
కె. సంజీవరావు, బి.ఏ., బి.ఇడి.


విజయవాడ, గవర్నరుపేట,
7 ఆగస్టు 1974.

హెడ్మాస్టరు గారికి,

బస్సులో నిలబడ్డ మాట నిజమే. దానికి మీరు నొచ్చుకోకండి. ఆ గంటసేపూ మా వాడు మాతో మంచి మంచి కబుర్లు చెప్పాడు. కూర్చుని ఉంటే నిద్రపోయేవాడు.

మీ పరీక్ష కాగితం చేరింది. రావమ్మ చదివించుకుని, “పొదుపు దగ్గర మీకు సున్నా వేసుకోండి, వినయం దగ్గర నాకు వేయండి” అంది. అంతకుమించి మేం ముందుకు కదలలేకపోయాం. ఎందుకో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, సహనం మీ కాగితంలో ఏడోది.

నా చదువు ఎనిమిదో తరగతి. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఒక సెమినరీ వరండాలో మిషను వేసుకుని, పాస్టర్లు కాబోయేవాళ్ళకు అంగీలు కుట్టాను. అక్కడ హెబ్రీ చెప్పే ముసలి మాస్టారికి చూపు ఆనేది కాదు. సూదిలో దారం ఎక్కించేవాడి కళ్ళు బాగుంటాయని నన్ను పిలిచి, అక్షరాలు నేర్పి, సాయంత్రాలు చదివించుకునేవారు. నేను చదివేవాణ్ణి, ఆయన అర్థం చెప్పేవారు. అలా అబ్బిందే తప్ప నేను పండితుణ్ణి కాను.

విలువను ‘ఎరెక్’ అంటారు. దాని మూలం సర్దడం. బల్ల మీద భోజనం వరసగా అమర్చడానికీ, యుద్ధానికి సైన్యాన్ని బారులు తీర్చడానికీ ఆ క్రియే వాడతారు. మొక్కుబడికి వచ్చిన పొలానికో మనిషికో యాజకుడు కట్టే వెల కూడా ఎరెకే. అంటే వరసగా పెట్టి, వెల కట్టి, నలుగురూ చూసేలా ఉంచేది.

సుగుణానికి ఆ మాట వాడరు. యూదుల్లో తరవాతి గురువులు మనిషికి పట్టిన గుణాన్ని ‘మిద్దా’ అన్నారు. మిద్దా అంటే కొలత. ఒక పాత కీర్తనలో యాజకుడు తొడుక్కున్న అంగీకి కూడా దాని రూపమే వాడారు. మాస్టారు ఆ సంగతి చెప్పిన రోజు నేను కత్తెర కింద పెట్టి లేచి నిలబడ్డాను. మా వృత్తి మాట అంత దూరం వెళ్ళిందని ఎంత సంతోషమేసిందో!

ఇక నా పాట్లు వినండి. గుడ్డల కొట్లో తానులు వరసగా సర్ది ఉంటాయి. అందరూ చూసి బాగున్నాయంటారు. అది ఎరెక్. అందులోంచి ముక్క కోసి ఒక మనిషి ఒంటికి కుడితే, వాడు అది వేసుకుని చెమటపట్టి, మోచెయ్యి చిరిగితే అతుకు వేయించుకుని మళ్ళీ వేసుకుంటే, అది మిద్దా. మీరు పంపినవి పదీ మేలురకం తానులే. తానుకు ‘ఉన్నది’ అని గుర్తెలా పెట్టను మాస్టారూ? ఎవరైనా కుట్టమని వస్తే నేను ఆది అడుగుతాను. ఒంటికి సరిపోయి వాడుకలో ఉన్న పాత జాకెట్టో చొక్కాయో తెస్తే, దాన్ని పరిచి దాని ప్రకారం కుడతాను. టేపు పెట్టి రాసుకున్న అంకెలకంటే అది నమ్మకం.

అందుకని మా వాడి ఆది పంపుతున్నాను. మే సమ్మెలో ఇరవై రోజులూ ఉన్నాడు. సస్పెండయ్యాడు. జులైలో మళ్ళీ తీసుకున్నారు. “ఎవరో బలవంతపెడితే వెళ్ళానని రాసివ్వరా, సులువుగా పోతుంది” అని స్నేహితులు చెప్పారట. వీడు “నా అంతట నేనే వెళ్ళాను” అని రాసిచ్చాడు. ఆ కాగితం వాడి ఫైల్లో ఉంది, ఉంటుంది. ఇది క్రమశిక్షణ కింద తప్పో, సత్యం కింద ఒప్పో మీరే వేసుకోండి. కోపం కూడా ఎక్కువే. కోపం వస్తే పెరట్లోకి పోయి సైకిలు విప్పి మళ్ళీ బిగిస్తాడు. మా ఇంట్లో సైకిలు చాలా శుభ్రంగా ఉంటుంది.

గోడకు మాట విడిగా కాగితం మీద రాశాను. రెండూ రాశాను. ఏది వేయించుకుంటారో మీ ఇష్టం.

ఇశ్రాయేలు


ఉయ్యూరు,
20 ఆగస్టు 1974.

ఇశ్రాయేలు గారికి,

ఒక మాట అడిగితే నాలుగు పేజీలు పంపారు. మా తెలుగు పండితులు అచ్యుతరామారావు గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, “ఈయన్ని ఇక్కడికి బదిలీ చేయించండి” అన్నారు. ఆయన హాస్యం నాకు ఎన్నడూ పడదు.

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు విలువలు బోధిస్తున్నవాణ్ణి. వాటిని తానుల కింద జమకట్టడం నాకు కష్టంగా తోచింది. ముందు గుడ్డ ఉంటేనే గదా చొక్కా! ఈ వాదం మీ ఎదుట పెడుతున్నాను.

అయితే సమ్మె సంగతి మీరు రాసిన తీరు నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. అబ్బాయి చేసినది నేను మెచ్చను. దాచనందుకు మాత్రం మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను. మా ఇంటావిడ సంపూర్ణమ్మ నా ఆలోచన పూర్తయ్యేదాకా ఆగలేదు. “సైకిలు బాగుచేసే అల్లుడు చాలు నాకు” అని పాస్టరు గారికి కబురు చేసేసింది. కనుక మా సమ్మతి మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. ప్రధానం సెప్టెంబరులోనూ, పెళ్ళి డిసెంబరు ముప్ఫైన మా చర్చిలోనూ పెట్టుకుందాము.

గోడ పూర్తయింది. పెయింటరు జక్కయ్య అక్షరాలు బాగా వేశాడు. పదీ తెలుగులో ఉన్నాయి, కింద హెబ్రీకి చోటు వదిలించాను. రెండు మాటల్లో ఏది వేయించాలో తేల్చుకోలేదు. ఆవిష్కరణ రోజున నేను ఎక్కిన బస్సుకు పంక్చరు పడి గంట ఆలస్యంగా చేరాను. ‘సమయపాలన’ ఎదుట పిల్లలంతా ఎండలో నిలబడి ఉన్నారు. ఈ సంగతి మీకు రాయవలసిన అవసరం లేదు, ఎందుకో రాశాను.

సంజీవరావు


విజయవాడ,
14 అక్టోబరు 1974.

బావగారికి,

ప్రధానం అయింది గనుక ఇక మిమ్మల్ని ఇలాగే పిలుస్తాను. మీరూ పిలవాలి. ప్రధానం రోజు “గారూ గారూ” అంటూ ఎటో చూస్తూ తప్పించుకున్నారు, నేను గమనించాను.

మంగళగిరి వెళ్ళి పెళ్ళిచీర తెచ్చాం. తెల్ల నూలు చీర, సన్నని జరీ అంచు. రావమ్మ నేతగాడి ఇంట్లో మూడు గంటలు కూర్చుని ముప్ఫై చీరలు విప్పించి, మొదట చూసిందే తీసుకుంది. జాకెట్టు నేనే కుడతాను. కోడలి పెళ్ళి జాకెట్టు మామ చేత్తో కుట్టాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. మా కుట్టుపని ఇళ్ళల్లో అది ఆనవాయితీ కూడా.

అందుకని అమ్మాయి ఆది జాకెట్టు పంపండి. కొత్తది వద్దు. కనీసం రెండేళ్ళు వాడినది, చంకల్లో వెలిసినది, హుక్కు ఊడితే పిన్నీసు పెట్టుకున్నది అయితే మరీ మంచిది. అటువంటిది బల్ల మీద పరిస్తే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. సంపూర్ణమ్మ అప్పగారికి చెప్పండి, సిగ్గుపడి ఉతికి ఇస్త్రీ చేయించి పంపేరు!

మీకూ కోటు కుడతాను. మీ పాత కోటు కూడా పంపండి. దేవుడి మందిరంలో కూతుర్ని చేయి పట్టుకుని తీసుకొచ్చే తండ్రి కోటు నా చేతిలోంచి రావాలి. కాదనకండి.

మీ వాదానికి జవాబు: ముందు గుడ్డ ఉండాల్సిందే, ఒప్పుకున్నాను. తానునే ఒంటికి చుట్టుకుని పెళ్ళికి వెళ్ళేవాళ్ళతోనే నా పేచీ.

మీ బావ,
ఇశ్రాయేలు


ఉయ్యూరు,
26 అక్టోబరు 1974.

ఇశ్రాయేలు గారికి,

మీరు కోరిన ప్రకారం హన్నా జాకెట్టు పార్సెలులో పంపుతున్నాను. రెండేళ్ళుగా వాడుతున్నది. కుట్టుకు ఇది సరిపోతుంది.

నాకు కోటు ఉన్నది. కొత్తది అవసరం లేదు.

పరీక్షల పని ఎక్కువగా ఉన్నందున ముగిస్తున్నాను.

సంజీవరావు


విజయవాడ,
4 నవంబరు 1974.

బావగారికి,

పార్సెలు అందింది. జాకెట్టు చాలా నీటుగా ఉంది. ఇంత నీటైన ఆది నా ముప్ఫై ఏళ్ళ పనిలో చూడలేదు. హుక్కులు మెరుస్తున్నాయి.

పని గురించి ఒక కబురు చెబుతాను. టేపు మెళ్ళోంచి తీయగానే ఎంతటి మగాడైనా కడుపు లోపలికి లాక్కుంటాడు. ఛాతీ విరుచుకుంటాడు, భుజాలు ఎగరేస్తాడు. ఆ కొలతకు కుడితే ఆ చొక్కా వేసుకుని భోజనం చేయలేడు. కొత్తలో నేను అలాగే కుట్టి తిట్లు తిన్నాను. ఇప్పుడు టేపు చేత్తో పట్టుకుని, “ఏం ఊరండీ మీది? కాలవకు నీళ్ళు వదిలారా?” అని అడుగుతాను. మాటల్లో పడి మనిషి ఊపిరి వదులుతాడు. భుజాలు వాటి చోటికి అవి వస్తాయి. అప్పుడు కొలుస్తాను. ఊపిరి బిగబట్టినవాణ్ణి ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఎదుట నిలబడ్డవాడు బాగా కనపడాలనుకోవడంలో తప్పేముంది?

మీ ఊరి కాలవకు నీళ్ళు వదిలారా బావగారూ? పంచదార ఫ్యాక్టరీ ఆడుతోందా? చెరుకు బండ్లు రోడ్డంతా నింపేసి బస్సులు ఆపేస్తున్నాయా?

తొందరపాటులో ఒక దాని బదులు మరొకటి పార్సెల్లోకి వెళ్ళడం ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. అలాంటిదేమైనా అయితే చెప్పండి. పదిహేనో తారీఖు దాకా ఆ గుడ్డ మీద కత్తెర పెట్టను. ఆ తరవాత మీరు పంపినది ఏదైతే దాని ప్రకారమే కుడతాను. మీ మాట కాదని కుట్టను.

రావమ్మ మీ అందరినీ అడిగినట్టు రాయమంది.

మీ బావ,
ఇశ్రాయేలు


ఉయ్యూరు,
12 నవంబరు 1974.

ఇశ్రాయేలు గారికి,

కాలవకు నీళ్ళు వదిలారు. ఫ్యాక్టరీ ఆడుతోంది. చెరుకు బండ్ల సంగతి ఇప్పుడు రాయబోతున్నాను. ఇది నాలుగోసారి రాయడం, మూడు చింపేశాను.

మీకు పంపిన జాకెట్టు హన్నాది కాదు. పక్కింటి లక్ష్మీనరసమ్మగారి అమ్మాయి రమాసుందరిది. ఆ పిల్ల దాన్ని ఇంకా తొడుక్కోలేదు. సంపూర్ణ వద్దంటున్నా నేనే అడిగి తెచ్చి, నేనే చుట్టి, రెండేళ్ళుగా వాడుతున్నదని నా చేత్తో నేనే రాశాను. సంపూర్ణ నాతో మాట్లాడడం మానేసి పదిహేను రోజులు దాటింది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది, మాట్లాడదు.

హన్నాకు ఏడేళ్ళప్పుడు, ఫ్యాక్టరీకి వెళ్ళే బండి వెనక చెరుకు గడ లాగబోయి, బండి ఎక్కి, పడిపోయింది. మెడకు ఎడమ పక్కన ఎముక విరిగింది. కబురు పదిన్నరకు వచ్చింది. ఆ రోజు మా స్కూల్లో ఇన్‌స్పెక్షను. నేను వెళ్ళలేదు. విధి నిర్వహణ అనుకున్నాను. సాయంత్రం ఐదింటికి ఇంటికి వెళితే పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. ఎవరో పసరు కట్టు కట్టారు. మర్నాడు బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాము. ఎముక అతుక్కుంది గానీ ఎడమ భుజం కొద్దిగా దిగిపోయింది. ఒక్క రోజుతో తేడా ఏమీ రాదని డాక్టరు చెప్పాడు. నాకు ఈనాటికీ నమ్మకం లేదు. ఆ ఇన్‌స్పెక్షన్లో నన్ను ‘ఆదర్శప్రాయుడు’ అని రాశారు. ఆ కాగితం ట్రంకు పెట్టె అడుగున ఉంది, మళ్ళీ తీసి చూడలేదు.

ఆ భుజం చూసి రెండు సంబంధాలు వెనక్కి వెళ్ళాయి. అందుకే మీరు వచ్చిన రోజు పైట భుజాల చుట్టూ కప్పుకోమని నేనే చెప్పాను. వాడిన జాకెట్టు పంపితే మీ కంటికి ఒక్క క్షణంలో తెలిసిపోతుందని భయపడ్డాను. కొత్తదానికి ఇంకా ఎవరి భుజం వాలూ పట్టి ఉండదు గదా, ఎవరిదో తెలియదనుకున్నాను. తొడుక్కోనిదని కూడా దర్జీ కంటికి తెలిసిపోతుందని ఆ క్షణంలో నాకు తట్టలేదంటే నమ్ముతారా!

గోడ మీద మొదటి మాట సత్యం. రెండు వారాలుగా నేను స్కూలుకు వెనక గేటు నుంచి వెళుతున్నాను.

హన్నా రోజూ తొడుక్కునే నీలం పూల జాకెట్టు పంపుదామంటే ఇల్లంతా వెతికినా కనపడలేదు. దాని బదులు గోధుమరంగుది పంపుతున్నాను. ఇది ఆమెదే. మీరు అడిగిన నా పాత కోటు కూడా ఇందులో ఉన్నది. ఇది నిజంగా వాడినదే.

సంబంధం మానుకోవాలని తోస్తే జాకెట్టు తిప్పి పంపండి, మాట రాయనక్కరలేదు, నాకు అర్థమవుతుంది. ఒక్కటే వేడుకుంటున్నాను. ఇందులో హన్నా తప్పు ఏమీ లేదు. ఆ పిల్ల ఎవరి దగ్గరా ఏదీ దాచే మనిషి కాదు, దాచింది నేను.

సంజీవరావు


విజయవాడ,
12 నవంబరు 1974.

బావగారికి,

పదిహేనో తారీఖు దాకా ఆగుతానని రాశాను. ఆగలేకపోయాను. జాకెట్టు నిన్న రాత్రి కుట్టడం మొదలుపెట్టాను, ఈ మధ్యాహ్నం అయిపోయింది. మీరు పంపినదాని ప్రకారం మాత్రం కుట్టలేదు. మీ మాట కాదని కుట్టనని రాసి మాట తప్పాను, సత్యం దగ్గర నాకూ ఒక సున్నా.

నిన్న సోమవారం నా పేర ఇంకో పార్సెలు వచ్చింది. నీలం పూల జాకెట్టు, చంకల్లో వెలిసింది, మెడ దగ్గర చిన్న అతుకు. దానితో ఒక చీటీ. అమ్మాయి మీద కోప్పడనని మాటిస్తేనే తరవాతి వాక్యం చదవండి.

“మామయ్యగారూ, నాన్నగారు పంపింది నాది కాదని రమాసుందరి చెప్పింది. ఇది నాది. ఎడమ భుజం దగ్గర అర అంగుళం దించి నేనే కుట్టుకున్నాను, కుట్లు బాగుండకపోతే నవ్వకండి. నాన్నగారు సిగ్గుతో చేశారు తప్ప మోసంతో కాదు. ఆయన్ని ఏమీ అనకండి. హన్నా.”

కుట్లు బాగానే ఉన్నాయి. నాకంటే సన్నంగా కుట్టింది.

ఇప్పుడు నా తప్పు నేను ఒప్పుకోవాలి. భుజం సంగతి మాకు ఆ ఆదివారమే తెలుసు. మీ వరండాలో పిల్లలిద్దరినీ పది నిమిషాలు మాట్లాడుకోమని వదిలారు చూడండి, అప్పుడు అమ్మాయి పైట పక్కకు తీసి, “ఇదిగో, ఇది చూసి చెప్పండి” అందట. మా వాడు చూశాడు. “నా ఫైల్లోనూ ఒక కాగితం ఉంది” అని సమ్మె సంగతి చెప్పాడట. బస్సులో నిలబడి గంటసేపు వాడు చెప్పిన కబుర్లు అవే. రావమ్మ అక్కడే, జనం మధ్యే, “ఈ పిల్ల నాకు కావాలి” అంది. కండక్టరు కూడా విన్నాడు.

అన్నీ తెలిసీ నేను మీకు చెప్పలేదు. మీరే చెబుతారని ఆగాను. ఊపిరి వదిలేదాకా టేపు పట్టుకుని నిలబడే అలవాటు, ఎక్కడపడితే అక్కడ పనికిరాదని రావమ్మ నిన్న నన్ను బాగా తిట్టింది. “మనిషిని అంత సేపు నిలబెడతారా, పెళ్ళి పెట్టుకుని!” అంది. నిజమే. మన్నించండి.

తెలుగు బైబిల్లో మనవాళ్ళు ‘గుణవతి’ అని అనువదించిన చోట హెబ్రీలో ఉన్న మాట ‘హయిల్’. సైనికుడి బలానికి వాడే మాట అది. మాస్టారు చెప్పినప్పుడు ఆడదానికి ఆ మాటేమిటా అనుకున్నాను. నీలం పూల జాకెట్టు బల్ల మీద పరిచాక తెలిసింది.

మీ బావ,
ఇశ్రాయేలు


విజయవాడ,
18 నవంబరు 1974.

బావగారికి,

మన ఉత్తరాలు రెండూ కంకిపాడు దగ్గర ఎదురుపడి ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. మీ కవరు మీద పోస్టు ముద్ర రెండుసార్లు చూశాను. పన్నెండో తారీఖు. నా ఉత్తరం మీకు అందకముందే, సంబంధం పోతుందనుకునే మీరు అది రాశారు. రావమ్మకు చదివి వినిపిస్తూ సగంలో కాగితం మా వాడి చేతికిచ్చేశాను. మిగతాది వాడు చదివాడు. చదివి నేరుగా సైకిలు దగ్గరికి వెళ్ళాడు.

గోధుమరంగు జాకెట్టు తిప్పి పంపడం లేదు. మూడు ఆదులు ఉన్న పెళ్ళికూతురు కృష్ణా జిల్లాలో ఇంకెవరూ ఉండరు. రమాసుందరి జాకెట్టు మాత్రం పంపుతున్నాను. ఆ పిల్ల ఎన్నాళ్ళని ఊరుకుంటుంది!

ఇక మీ కోటు. పెద్దబల్ల ఖాళీ చేసి పరిచాను. కుడి జేబు అంచు సుద్దతో తెల్లబడి ఉంది. ఏ మాస్టారి కోటైనా అంతే. ఎడమ భుజం దగ్గర ఆగిపోయాను. అక్కడి అతుకు మూడుసార్లు విడిపోయింది, మూడుసార్లు మూడు రంగుల దారాలతో కుట్టించారు. గుడ్డ పీచు తేలింది, లోపలి లైనింగు కూడా అరిగింది. సంచి మోస్తే పట్టీ పడేంతమేరే అరుగుతుంది. ఇది జానెడు మేర అరిగింది. ఎంత ఆలోచించినా ఏం మోశారో తోచలేదు. నిన్న ఆదివారం మా వాణ్ణి ఉయ్యూరు పంపింది అందుకే. వాడు మీతో పెళ్ళిపందిరి సంగతి మాట్లాడాలని చెప్పి ఉంటాడు. అది అబద్ధం, నేను చెప్పమన్నదే.

అమ్మాయి చెప్పింది. కట్టు విప్పాక కూడా కాలవ గట్టు మీద నడవాలంటే పడిపోతానని భయపడి ఏడ్చేదట. ఏడాది పొడుగునా రోజూ మీరు ఎడమ భుజం మీద ఎక్కించుకుని స్కూలుకు తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకొచ్చారట. కుడిచేతిలో గొడుగు, చంకలో రిజిస్టర్లు. హెడ్మాస్టరు పిల్లను మోసుకొస్తున్నాడని గట్టు మీద జనం నవ్వేవారట. “నాన్నగారు ఇది మీకు రాసి ఉండరు, ఆయనకు ఇది గుర్తున్నట్టే లేదు” అందట.

పదిన్నర నుంచి ఐదింటి దాకా ఆ ఒక్క రోజు మీకు గుర్తుంది. ఆ ఏడాది గుర్తులేదు. అదే గుణం బావగారూ. మీ జాబితాలో దీని పేరు లేదు. పదకొండోదిగా రాయించకండి, పెయింటు దండగ.

కోటు కొలిచాను. ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం దిగి ఉంది. కోడలి నీలం జాకెట్టు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒక్కటే కొలత. ఎక్కడా సరిచేయకుండా అలాగే కుడుతున్నాను. పెళ్ళి రోజు మీరిద్దరూ నడిచి వస్తుంటే ముందు వరసలో కూర్చుని నేను చూడాలి.

మీ బావ,
ఇశ్రాయేలు


ఉయ్యూరు,
8 జనవరి 1975.

బావగారికి,

పెళ్ళి హడావిడిలో మీతో చెప్పడానికి తీరిక చిక్కలేదు. కోటు సరిపోయింది. అద్దం ముందు నిలబడితే సంపూర్ణ వెనక నుంచి చూసి, “పాతికేళ్ళకు ఒక కోటు మీలా ఉంది” అంది. అవును, మాట్లాడుతోంది. ఆపకుండా మాట్లాడుతోంది. పెళ్ళిలో రావమ్మగారూ తనూ కలిసి మనిద్దరి గురించి ఏమేం అనుకున్నారో అంతా విన్నాను. మీ గురించినదే ఎక్కువ, అది కొంత ఓదార్పు.

పిల్లలిద్దరూ నిన్న వచ్చి వెళ్ళారు. హన్నా ఇప్పుడు పైట చుట్టుకోవడం లేదు. అల్లుడు నా సైకిలు విప్పాడు. కోపం వచ్చిందేమోనని కంగారుపడ్డాను, కాదట, చెయిను శబ్దం చేస్తోందట.

స్కూలుకు మళ్ళీ ముందు గేటు నుంచే వెళుతున్నాను. హెబ్రీకని వదిలిన చోట ఏ మాట వేయాలని జక్కయ్య వచ్చి అడిగాడు. ఏమీ వద్దన్నాను. ఎందుకంటే ఆ ఖాళీ పిల్లలు ఎప్పుడో పట్టేశారు. మధ్యాహ్నం గంట కొట్టగానే బారులు తీరి, ఒకరొకరే గోడకు ఆనుకుని నిలబడితే ఇంకొకరు తల మీద పలక పెట్టి సుద్దతో గీత గీస్తున్నారు. పక్కన పేరు, తారీఖు. గోడంతా పాడుచేస్తున్నారని అరవబోయి ఆగిపోయాను. మీ రెండో మాట ‘మిద్దా’ గుర్తొచ్చింది.

మొన్న నన్నూ నిలబడమన్నారు. అచ్యుతరామారావు గారు వచ్చి పలక పెట్టి గీత గీశారు. పిల్లలంతా చూస్తున్నారు బావగారూ. అయినా మునివేళ్ళ మీద లేవలేదు, ఊపిరి బిగబట్టలేదు.

మీ బావ,
సంజీవరావు